పూటకూళ్లవాని పని

ఈ దినము లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానమును ధ్యానించుకుందాము.

దారిలో పడియున్న వానికి సమరయుడు కట్లు కట్టాడు, వాహనము మీద ఎక్కించాడు. ఇది మనకు తెలుసు. మరునాడు అతడు ప్రయాణమై వెళ్లిపోయాడు. ఆ తరువాత రోగికి అన్నము పెట్టి, కట్లు మార్చవలసినదెవరు? పూటకూళ్లవాడు. అతనిని గూర్చి మనము ప్రసంగాలు చెప్పుకోము.

గుండెపోటు వచ్చినవారి విషయములోనూ ఇంతే. 108 వచ్చింది, ఒంగోలులోనో గుంటూరులోనో స్టెంటు వేశారు, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. డిశ్చార్జి కాగానే కృతజ్ఞతా కూడిక పెట్టి, పని అయిపోయిందనుకుంటాము. నిజానికి పూటకూళ్లవాని పని అప్పుడే మొదలయింది.

నేను ఒప్పుకోవలసిన సంగతి ఒకటున్నది. ఒక సహోదరుడు కూడికలో లేచి, ప్రభువు స్వస్థపరిచాడు గనుక మాత్రలు మానేశానని సాక్ష్యమిచ్చాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. నెల తిరగకముందే స్టెంటు మూసుకుపోయింది. ప్రాణము దక్కింది గాని గుండె బలము తగ్గింది. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవులలో ఉన్నాయి. రక్తము గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు. మాత్ర వేసుకోవడం అవిశ్వాసము కాదు. సమరయుడు గాయములకు నూనె, ద్రాక్షారసము పోశాడు గదా!

ఇంట్లో సేవ చేసే తల్లులారా, ఈ సంగతులు గుర్తుంచుకోండి. ఏ పూటకు ఏ మాత్రో కాగితము మీద వ్రాసి గోడకు అంటించండి. నిల్వ పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు దూరముంచండి, ఉప్పు తగ్గించండి. చుట్ట, బీడీ ఇంట్లోకి రానివ్వకండి. రోగిని మంచానికే కట్టివేయకుండా, డాక్టరు చెప్పినంత మేర రోజుకు కాస్త కాస్త నడిపించండి. డాక్టరు సరే అనే వరకు పత్తి బోరెం, మిరప టిక్కీ ఎత్తనివ్వకండి. పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా డాక్టరుకు చూపించండి. మళ్లీ ఛాతీ నొప్పి, చెమటలు వస్తే గ్యాసు అనుకొని సోడా తాగిస్తూ కూర్చోక వెంటనే 108కి ఫోను చేయండి. రాత్రులు నిద్రపట్టక అతడు ఏడిస్తే గద్దించకండి. గుండెపోటు తరువాత దిగులు పడటం చాలామందికి ఉంటుంది. అది కూడా డాక్టరుకు చెప్పండి.

సంఘస్థులారా, మన వంతు ఏమిటి? మిరప కోతల రోజులలో ఆ ఇల్లాలు కూలికి పోతే రోగి ఒంటరివాడు, పోకపోతే పొయ్యి వెలగదు. పదిమంది ఒకేసారి వెళ్లి మంచము చుట్టూ కూర్చుని, ఎవరెవరు గుండెపోటుతో పోయారో చెప్పుకోకండి. వంతులు వేసుకోండి. ఒకరు మధ్యాహ్నము తోడుండండి, ఒకరు మాత్రలు తెచ్చిపెట్టండి, ఒకరు చెకప్‌కు తీసుకువెళ్లండి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరవకముందు ఇండ్లకు వెళ్లి రోగులను చూచారు. ఆ గుమ్మములు మన యెదుట ఇంకా తెరిచే ఉన్నాయి.

సమరయుడు తిరిగి వచ్చి, ఎక్కువ ఖర్చయినదంతా తీర్చుతానని మాట ఇచ్చాడు. మీరు మేలుకొన్న రాత్రులు, పోగొట్టుకున్న కూలి మన ప్రభువు లెక్కలో ఉన్నాయి. ఆయన తిరిగి వస్తాడు.

ప్రార్థన చేద్దాము: తండ్రీ, మా యింటికి నీవు పంపిన రోగిని ఓపికతో చూచుకొనే కృప మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.