పెద్దలను అడుగుదాం, వారి మాట విందాం

 

సకల స్తోత్రాలకూ అర్హుడు అల్లాహ్ మాత్రమే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

మానవుని బలహీన స్థితిలో పుట్టించి, పిదప బలాన్ని ప్రసాదించి, ఆ బలం తరువాత మళ్లీ బలహీనతనూ నెరసిన జుత్తునూ ఇచ్చేవాడు అల్లాహ్‌యేనని దివ్య ఖుర్ఆన్ రూమ్ సూరా మనకు తెలుపుతున్నది. వార్ధక్యం ఎవరి తప్పూ కాదు. అది సృష్టికర్త నిర్ణయించిన ఒక మజిలీ. ఈనాడు మన ఇండ్లలో ఆ మజిలీకి చేరినవారి అవసరాలేమిటో, వారి అభిప్రాయాలేమిటో మనం ఎంతవరకు ఎరుగుదుమన్నదే నేటి జుమా ప్రసంగాంశం.

సోదరులారా! హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్యన్ చేరిన ఘట్టాన్ని ఖసస్ సూరాలో చదువుతాము. బావి వద్ద పశువుల కాపరులు గుమిగూడి ఉన్నారు. ఇద్దరు యువతులు తమ పశువులను ఆపుకొని దూరంగా నిలబడి ఉన్నారు. మూసా (అలైహిస్సలాం) తనంతట తాను ఏదో ఊహించుకోలేదు. మీ సంగతేమిటని ముందుగా అడిగారు. అడిగినందువల్లనే, వారి తండ్రి మిక్కిలి వృద్ధుడన్న సంగతి వెలుగులోకి వచ్చింది. ఆ తరువాతనే ఆయన పశువులకు నీరు పెట్టారు. అడగడం, తెలుసుకోవడం, సాయపడడం: వీటి క్రమం ఇది.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) పాలనాకాలపు ఉదంతమొకటి ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో నమోదు చేశారు. ఒక అంధ వృద్ధుడు ఇంటి గడప వద్ద యాచిస్తున్నాడు. అతడు యూదుడు. నిన్ను ఈ స్థితికి తెచ్చినదేమిటని ఖలీఫా ప్రశ్నించారు. పన్ను భారం, పేదరికం, వయోభారం అని అతడు జవాబిచ్చాడు. ఉమర్ (రజియల్లాహు అన్హు) అతణ్ణి చేయిపట్టి తన ఇంటికి తీసుకువెళ్లి ఉన్నంతలో ఇచ్చారు. అంతటితో ఆగక, అతనివంటి వారందరి పరిస్థితినీ పరిశీలించవలసిందిగా బైతుల్‌మాల్ అధికారికి కబురంపారు. ఆ పన్నును వారిపై నుండి తొలగించారు. వయసులో ఉన్నంతకాలం వారి వల్ల లబ్ధి పొంది, ముదిమిలో వదలివేయడం న్యాయం కాదన్నది ఆయన భావం. ఒక్క వృద్ధుని జవాబు రాజ్యపు నియమాన్నే మార్చింది.

మన దేశంలోనూ ఇటువంటి విచారణ ఒకటి విస్తృతంగా జరిగింది. 2017–18లో నిర్వహించిన ‘లాసీ’ అధ్యయనంలో శిక్షణ పొందినవారు ఇంటింటికీ వెళ్లి 45 ఏండ్లు, అంతకు పైబడినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72,000 మందికి పైగా ప్రజలను ప్రశ్నించారు. వీరిలో 60 ఏండ్లు దాటినవారు 31,000 మందికి పైగా ఉన్నారు. ఆరోగ్యం, ఆదాయం, కుటుంబ పరిస్థితులు, మనోవేదన అన్నింటి గురించీ అడిగారు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2021 జనవరిలో విడుదల చేసిన ఆ నివేదిక ప్రకారం వృద్ధులలో 75 శాతం మంది ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధితో బాధపడుతున్నారు. 40 శాతం మందికి ఏదో ఒక వైకల్యమున్నది. 20 శాతం మందికి మానసిక సమస్యలున్నాయి.

ఈ అంకెలు ఎక్కడివో కావు. మన మొహల్లాలవి కూడా. మోకాళ్ల నొప్పి మనకు కనిపిస్తుంది, చక్కెర వ్యాధి పరీక్షలో తెలుస్తుంది. మనసులోని దిగులు మాత్రం అడిగితే తప్ప బయటపడదు. కొడుకు గల్ఫ్ నుండి నెలనెలా డబ్బు పంపుతాడు. అబ్బాకు కావలసినది ఫోనులో పది నిమిషాల మాట కావచ్చు. అమ్మీని పల్లె నుండి నగరానికి తీసుకువస్తాము. ఆమెకు ఇష్టమో కాదో అడగము. పొలం అమ్మకం, కంటి ఆపరేషన్, మనుమరాలి నికాహ్ నిర్ణయాలు పెద్దలకు చివరన తెలుస్తాయి. తిండి పెడుతున్నాము కదా, ఇంకేమి కావాలని కొందరంటారు. బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ వృద్ధ తల్లిదండ్రుల ఎదుట విసుగుతో ‘ఉఫ్’ అనడాన్ని సైతం నిషేధించి, వారితో గౌరవంగా మాట్లాడమని ఆజ్ఞాపించాడు. అక్కడ ఆజ్ఞ మాటను గురించినది! అన్నం పెట్టి మాట కరువు చేసినవాడు ఆ ఆజ్ఞలో సగమైనా నెరవేర్చాడా?

అడగడానికీ ఒక మర్యాద ఉన్నది. సర్వే చేసేవారు ఇంటికి వచ్చినప్పుడు పెద్దలను ప్రశ్నిస్తే మనమే జవాబు చెప్పేస్తాము. అలా చేయరాదు. వారినే పలకనిద్దాం. కొడుకు, కోడలు ఎదుట ఉంటే నోరు విప్పలేని మాటలుంటాయి గనుక వారికి ఏకాంతం కల్పిద్దాం. వారు చెప్పినది అమానత్. దానిని నలుగురిలో చర్చించడం ద్రోహమవుతుంది. వారి జవాబు మనకు నచ్చకపోయినా వాదనకు దిగవద్దు.

మస్జిద్ కూడా ఈ బాధ్యత నుండి తప్పించుకోలేదు. నమాజ్ చేయించేవారు దానిని తేలిక చేయాలనీ, వెనుక బలహీనులు, రోగులు, వృద్ధులు ఉంటారనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. మెట్లెక్కడం కష్టమవుతున్నదా, వుజూ చేసేచోట కూర్చునే వీలున్నదా, ఖుత్బా వినిపిస్తున్నదా అని కమిటీ సభ్యులు పెద్దలనే అడగాలి. కొంతకాలంగా సఫ్‌లో కనిపించని వారి ఇంటికి వెళ్లి కుశలం విచారించాలి. ఇంటి గడప దాటని వృద్ధ మహిళల క్షేమాన్ని మన సోదరీమణుల ద్వారా తెలుసుకోవాలి. ఇంట్లో వేధింపులకు గురయ్యే పెద్దలకు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం అండగా ఉన్నదనీ, 14567 సహాయవాణి ఉన్నదనీ తెలియజేయాలి. అయితే విశ్వాసి కన్న తల్లి ట్రిబ్యునల్ మెట్లెక్కవలసి రావడం మనందరికీ సిగ్గుచేటు.

మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజియల్లాహు అన్హు) తన వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను వెంటబెట్టుకు వచ్చినప్పుడు, పెద్దాయనను ఇంటనే ఉంచితే తానే ఆయన వద్దకు వెళ్లేవాడిని కదా అని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అన్నారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. విజేతగా నిలిచిన వేళ కూడా వృద్ధుని గుమ్మానికి తానే వెళ్లదలచిన ఆదర్శం మనది. నేడు నమాజ్ ముగిసి ఇల్లు చేరగానే మన పెద్దల పక్కన కూర్చుందాం. మీకేమి కావాలి, మీరేమనుకుంటున్నారు అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వేచి ఉందాం.

ఓ అల్లాహ్! మా తల్లిదండ్రులను కరుణించు. వారి మాటను ఓర్పుతో వినే చెవులను, వారి అవసరాన్ని గుర్తించే హృదయాన్ని మాకు ప్రసాదించు. మాకు ముదిమి వచ్చిన నాడు మమ్మల్ని ఒంటరులను చేయకు. ఆమీన్.