మన పిల్లల హ్రస్వదృష్టి
(వార్షిక మహాసభలో చదివిన యుపన్యాసము)



మన సంఘపు విద్యార్థి వసతిగృహమున మేము చేసిన యొక పొరపాటును ముందుగా విన్నవించుకొందుము. ప్రవేశపరీక్షల చదువు కొరకని సాయంకాలపు టాటవేళను తీసివేసితిమి. మార్కులు పెరిగినవి, కండ్లజోళ్లును పెరిగినవి. ఆ రెంటికిని సంబంధము కలదని నిర్ధారించి చెప్పజాలము గాని, మనసొప్పక నేత్రవైద్యుల నడిగి తెలిసికొంటిమి.

దగ్గరివి కనబడి దూరపువి మసకబారుట హ్రస్వదృష్టి. ఎదిగెడు వయసున కన్నుగ్రుడ్డు మితిమీరి పొడవగుటయే దీనికి సాధారణ కారణము. ఒక్క మిల్లీమీటరు హెచ్చినచో రమారమి రెండున్నర డయాప్టరుల దోషము వచ్చును. సాగిన కన్ను మరల పొట్టిది కాదు. దోషము ఆరు డయాప్టరులు దాటినవారికి లోపలి రెటీనా పలుచనై చినుగుట, ఊడుట మున్నగు ప్రమాదములు హెచ్చు. పొన్నగంటికూర తినిపింపుడు, మంచిదే. అది కన్నుగ్రుడ్డును కుదింపజాలదు.

చైనాదేశపు గ్వాంగ్జౌ నగరమున ఒకటవ తరగతి పిల్లలను బడివేళలో దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట నుంచిరి. మూడేండ్లకు వారిలో నూటికి 30 మందికి, తక్కిన బడుల పిల్లలలో నూటికి 39 మందికి పైగా ఈ దోషము క్రొత్తగా వచ్చినదని 2015లో ప్రకటించిరి. కాసు ఖర్చులేని యౌషధము! ఐతే దీని బలము దోషము రాకుండ నాపుటలోనే హెచ్చు.

వచ్చినవారికి వేరు మార్గములు కలవు. మిక్కిలి పలుచని అట్రోపిను చుక్కలు కంటి పెరుగుదలను మందగింపజేయునని సింగపూరు, హాంగ్‌కాంగు వైద్యులు చూపిరి. వైద్యుని పర్యవేక్షణ లేక వీనిని వాడరాదు. మానిన పిమ్మట దోషము మరల వేగము పుంజుకొనుటయు కలదు.

ఇక బాధాకరమగు మాట. మాకు తెలిసిన యొక తండ్రి, పెండ్లి సంబంధములకు అడ్డమని, కుమార్తెకు జోడు పెట్టనీయడయ్యెను. నల్లబల్ల కనబడక ఆ పిల్ల బడిలో మొద్దని పేరు తెచ్చుకొన్నది. మరియొకరు పవరు తగ్గించి యిమ్మని వైద్యుని బతిమాలిరి. అట్లు తక్కువ పవరు పెట్టిన పిల్లలకే దోషము త్వరగా పెరిగినదని మలేషియాలో జరిగిన 2002 నాటి పరిశీలన తెలుపుచున్నది. కన్నవారే కంటికి కీడు చేయవలెనా?

రాబోవు విద్యాసంవత్సరము మొదలు సాయంకాలము నాలుగున్నర నుండి ఆరు గంటల వరకు వసతిగృహపు చదువుగదికి తాళము వేయ నిశ్చయించితిమి. ఏటేట నేత్రపరీక్షయు జరిపింతుము. బీదపిల్లల కండ్లజోళ్ల వ్యయమును భరింపదలచిన పోషకులు సభానంతరమున కోశాధికారి గారికి తమ పేళ్లు తెలుప గోరెదము.