సర్పగంధయు కదలని కుందేళ్లును

ఉన్మాదమునకు, నిద్రలేమికి మన వైద్యులు తరతరములుగా వాడిన వేరు సర్పగంధ. పాతాళగంధి యనియు దానికి పేరు. 1952లో స్విట్జర్లాండు దేశమున, బాసెల్ నగరమునందు, ఆ వేరునుండి రిసర్పీన్ అను సారమును వేరుచేసిరి.

దానిని సూదితో ఎక్కించిన కుందేలు చావదు. ఊరక చెవులు వాల్చి, ఉన్నచోటనే ముడుచుకొని యుండును. కదలలేకయా, కదలవలెనను తలపే లేకయా? కుందేలు మనసు ఎవరు చూచిరి!

మెదడులోని సెరొటోనిన్ తరిగిపోవుటయే దీనికి కారణమని పలువురు తలచిరి. స్వీడనులోని లుండ్ నగరమున ఆర్విడ్ కార్ల్‌సన్, ఆయన సహచరులు ఆ మాటను పరీక్షింపబూనిరి. సెరొటోనిన్‌గా మారు పదార్థము నిచ్చిచూచిరి, కుందేలు కదలలేదు. ఎల్-డోపా నిచ్చిరి. కొద్దిసేపటికే వాలిన చెవులు నిక్కెను, కుందేలు లేచి తిరుగాడెను! 1957లో ఈ సంగతి ప్రకటితమయ్యెను. డోపా మెదడులో డోపమైన్‌గా మారుననియు, రిసర్పీన్ హరించినది దానినే యనియు మరుసటి యేట తేలెను.

ఇది కుందేళ్ల ముచ్చటయే యని త్రోసివేయరాదు. రక్తపుపోటుకు రిసర్పీన్ పుచ్చుకొన్నవారిలో కొందరికి కంపవాతమువంటి బిగువు కలిగెను. 1960 తరువాత అసలు కంపవాతరోగులకే డోపా నీయసాగిరి. మంచము దిగలేనివారు నడచిరి. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానములో భాగము లభించెను.

మనము చిన్ననాట కంచెలవద్ద తాకి, దురదతో గంతులు వేసిన దూలగొండి యున్నదే, దాని గింజలనుండి మదరాసులో 1937లోనే ఈ ఎల్-డోపాను తీసియుండిరి.