ముట్టుకొని నేర్చుకొనే చదువు

తల్లి చేటలో కందిపప్పు పోసుకొని రాళ్ళు ఏరుతూ ఉంటుంది. మూడున్నరేండ్ల పిల్లవాడు వచ్చి, గుప్పెడు పప్పు తీసి వ్రేళ్ళ సందులనుండి జారవిడుస్తాడు. వెంటనే "ముట్టుకోకు!" అన్న కేక వినబడుతుంది. ఇది మన యిండ్లలో ప్రతిదినమూ జరిగేదే. వాడు అల్లరి చేసినాడని మనం అనుకొంటాము. నిజానికి వాడు ఆ క్షణంలో చదువుకొంటున్నాడు. రోజుకు పదిసార్లు ఈ మాట విన్న పసివాడు కొన్నాళ్ళకు చేయి చాచడమే మానుకొంటాడు. దానితోబాటు అడగడమూ మానుకొంటాడు. మనకు కలిగే నష్టం పిడికెడు పప్పు కాదు, ఇది.

పసివారి చదువు ఇంద్రియాలతో ఆరంభమవుతుందని గ్రహించి, దానిపై ఒక విద్యావిధానాన్నే నిర్మించినవారు డాక్టర్ మేరియా మాంటిసోరీ. వృత్తిచేత వైద్యురాలైన ఆమె 1907లో రోము నగరపు పేదవాడలో శిశుగృహాన్ని స్థాపించినారు. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. యుద్ధ కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయినారు. గరుకు నునుపుల పలకలు, చప్పుడు చేసే డబ్బీలు, తడిమి గుర్తుపట్టే వస్తువుల సంచి ఆమె ఉపయోగించిన సాధనాలు. ఇటువంటివి మన వంటయింటి సరుకులతోనే చేసుకోవచ్చును.

ఒకే రకం డబ్బీలు ఆరు తీసుకొనండి. రెండింటిలో ఆవాలు, రెండింటిలో పెసలు, రెండింటిలో చింతగింజలు సమానంగా పోసి మూతలు బిగించండి. పిల్లలు చెవి దగ్గర ఆడించి జతలు కలుపుతారు. చివరకు మీరు మూతలు తీసి చూపిస్తే తప్పొప్పులు వారికే తెలుస్తవి, మనం దిద్దనక్కరలేదు.

పాతచీరె గుడ్డతో సంచి కుట్టి, అందులో చెంచా, నిమ్మకాయ, పసుపుకొమ్ము, కొబ్బరిపీచు వేయండి. చూడకుండా చేయి పెట్టి పేరు చెప్పడం ఆట. ఏలకులు, వాము, ధనియాలు పలుచని గుడ్డలో మూటలు కట్టితే ముక్కుకు పరీక్ష. పెరటిలో తడి ఇసుక ఉంటే గుజ్జెనగూళ్ళు, పిల్లయిండ్లు వారే కల్పించుకొంటారు.

అయితే జాగ్రత్త అవసరం. మూడేండ్లు నిండనివారు ప్రతి వస్తువునూ నోటిలో పెట్టుకొంటారు. గింజ గొంతుకు అడ్డుపడితే ప్రాణాపాయం. వారికి గరిటె, కొబ్బరిచిప్ప, పిండిముద్ద వంటివే ఇవ్వండి. గురివింద గింజలు, ఆముదపు గింజలు చూడ ముచ్చటైనా విషపూరితాలు. ఏ వయసువారికీ వద్దు. నీటితో ఆడేటప్పుడు పెద్దలు ప్రక్కనుండి కదలరాదు. జానెడు లోతు లేని నీరు కూడా పసివారికి ప్రమాదకరమే.

ఆడుతున్నంతసేపు మనం చేయవలసినది స్వల్పం. ఒకసారి ఒక ఆటే ఇవ్వండి. మాటిమాటికీ ప్రశ్నించకండి. వారికి విసుగు పుట్టగానే తీసివేయండి.

ఇక మొదట చెప్పిన పిల్లవాని సంగతి. రేపు పప్పు ఏరేటప్పుడు వాడికొక చిన్న పళ్ళెంలో గుప్పెడు పప్పు పోసి, మీ ఎదుటనే కూర్చుండబెట్టండి. కొంత నేలపాలవుతుంది. కాని కొంతసేపటికి వాడొక రాయి ఏరి, మీ చేతిలో పెట్టి, మీ ముఖం వంక చూస్తాడు. ఆ చూపు కోసం నాలుగు పప్పుగింజలు పోయినా నష్టం లేదు.