గొంతు గ్రంథియు, చిటికెడు ఉప్పును



మన దేహమునందలి గ్రంథులు రెండు తెగలు. నోటిలో లాలాజలము నూరించు గ్రంథులవలె తమ రసమును నాళము గుండ పంపునవి కొన్ని. నాళమే లేక నేరుగా నెత్తురులో కలుపునవి మరికొన్ని. ఈ రెండవ తెగవానికి వినాళ గ్రంథులనియు, వాని రసములకు హార్మోనులనియు పేరు. వానినన్నింటిని ఒక్క ప్రసంగములో ముగించుట సాధ్యము కాదు గనుక, గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారమున నుండు థైరాయిడ్ గ్రంథిని గూర్చి మాత్రమే మనవి చేసెదను.

దేహమనెడి పొయ్యిలో మంట యెంత యుండవలెనో నిర్ణయించునది ఈ గ్రంథి రసమే. అది తగ్గినచో మొగ ముబ్బును, మాట మందగించును, చలికి తాళలేము. హెచ్చినచో గుండె దడదడలాడును, చేతులు వణకును, ఎంత తిన్నను చిక్కిపోదుము. 1891లో ఇంగ్లండునందు జార్జి మర్రే అను వైద్యుడు గొర్రె గ్రంథినుండి తీసిన రసమును సూదిమందుగా నిచ్చి, మొదటి విధమగు వ్యాధితో నున్న యొక స్త్రీని కోలుకొనునట్లు చేసెను. ఆమె ఆ రసముతోనే మరి 28 సంవత్సరములు జీవించినది.

ఈ రసము తయారగుటకు అయొడిన్ వలయును. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు, అనగా గ్రామును లక్ష భాగములు చేసిన అందు పదునైదు భాగములు చాలును. ఆ మాత్రమును దొరకనిచో, నూలు లేని సాలెవాడు మగ్గములను పెంచుకొన్నట్లు, గ్రంథి ఊరక పెరిగిపోవును. అదియే గలగండము.

వాపు కంటికి కనబడును గాని, అసలు నష్టము కనబడదు. గర్భవతికి అయొడిన్ మిక్కిలి కొరవడినచో బిడ్డ మెదడు పెరుగదు. పుట్టిన బిడ్డ మూగయో, చెవిటియో, మందబుద్ధియో కావచ్చును. దీనిని తల్లి కర్మమని మనవారనుట నేను విన్నాను. ఆ మాట అన్యాయము.

కొండనేలలలోని అయొడిన్ వానలకును మంచుకును కొట్టుకొనిపోవును. అందుచే హిమాలయ పాదములందలి కాంగ్రా లోయలో ఈ వ్యాధి ప్రబలియుండెను. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారును, వారి సహచరులును 1956లో అచ్చట ఒక పరీక్ష నారంభించిరి. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపించిరి. కొన్ని యేండ్లకు ఆ రెండు భాగములలో వాపులు బాగుగా తగ్గెను, మూడవదానిలో తగ్గలేదు. ఇక సందేహమునకు తావేది? 1962లో ప్రభుత్వము గలగండ నివారణ పథకమును మొదలుపెట్టెను. 2006లో, తినుటకై అయొడిన్ లేని ఉప్పును అమ్మరాదని శాసించెను.

మనకు సముద్రము చేరువ, మనకేమి భయమందురా? సముద్రపు ఉప్పులో అయొడిన్ అత్యల్పము. మడినుండి తెచ్చిన కల్లుప్పు రుచికి మంచిదే గాని ఈ పనికి చాలదు. కొన్న ఉప్పునైనను తడి తగులనీయక మూతపెట్టి, కూర దింపు వేళ వేయుట మేలు. రక్తపు పోటు గలవారు దీనికై ఉప్పు హెచ్చించ నక్కరలేదు. తిను కొంచెమును అయొడిన్ గలదైన చాలును.

గొంతు వాపులన్నియు ఉప్పు లోపమువలననే కలుగవు. కావున వాతలు పెట్టించక, పసరులు పూయక, వైద్యునికి చూపవలయును. కొందరు శిశువులకు పుట్టుకతోనే గ్రంథి పనిచేయదు. మడమనుండి తీసిన కొద్ది నెత్తురుతో అది తెలియును. మొదటి వారములలోనే మాత్రలు మొదలిడినచో ఆ బిడ్డ తక్కిన పిల్లలవలెనే చదువుకొనగలడు. నెలలు గడచిన పిమ్మట మొదలిడిన, పోయిన బుద్ధి పూర్తిగా తిరిగిరాదు. మీ యింట కానుపు జరిగినపుడు ఈ పరీక్షను గూర్చి డాక్టరు నడుగుడు.