మందు ఇచ్చే చేతిని కూడా అడగాలి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ మానసిక వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మందుల కిటికీ వెనకనుంచి చూసిందే చెబుతాను.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 1996లో దాన్ని జిల్లాలకు తెచ్చినప్పుడు తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. రోగి ఎర్రగడ్డకో, విశాఖకో పరుగెత్తకుండా దగ్గరలోనే వైద్యం అందాలన్నది ఉద్దేశం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవన్నీ కమ్యూనిటీ హెల్త్ సెంటరు మొదలు పై స్థాయి ప్రభుత్వాసుపత్రులన్నిటిలో ఎల్లవేళలా ఉచితంగా ఇవ్వాలని 18వ సెక్షను చెబుతోంది.

కాగితం మీద లోటు లేదు. లోటెక్కడుందో తెలిసినవాడు కిటికీ దగ్గర కూర్చున్నవాడు. అతణ్ణి అడిగేవారే లేరు.

ఒక తల్లి నెలనెలా రెండు బస్సులు మారి కొడుకు మాత్రల కోసం వచ్చేది. ఒకసారి వరుసగా రెండు నెలలు సరఫరా లేదు. "సారూ, ఈ నెలన్నా గోలీలొచ్చినయా?" అని అడిగింది. "రాలేదమ్మా, బయట కొనుక్కో" అన్నాను. కొనలేకపోయింది. మూడో నెల ఆ అబ్బాయిని చేతులు కట్టి ఆటోలో తీసుకొచ్చారు.

ఆ సాయంత్రమే నెలవారీ రిపోర్టు నింపాను. ఎంతమంది వచ్చారు, ఎన్ని మాత్రలిచ్చాం అన్న గళ్లున్నాయి. ఉత్తచేతులతో తిరిగిపోయినవారికి గడి లేదు. అడుగున "సమస్యలు" అని ఉంది. అక్కడ "లేవు" అని రాశాను. అంతకుముందు ఒకసారి "స్టాకు లేదు" అని రాస్తే, ఇండెంటు సకాలంలో ఎందుకు పంపలేదని నాకే మెమో వచ్చింది. పంపిన ఇండెంటు నకలు చూపి బయటపడ్డాను. ఆ భయంతో రాసిన ఒక్క మాట ఈనాటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

అందుచేత మూడు మనవులు. ఒకటి, డాక్టర్లనే కాదు, స్టాఫ్ నర్సును, ఫార్మసిస్టును, ఆశా కార్యకర్తను కూడా అడగాలి. రెండు, పేరు రాయించకూడదు. చెప్పినవాడికే సంజాయిషీ పడితే ఇంకెవరూ నోరు విప్పరు. మూడు, చెప్పినదాని మీద ఏం చేశారో నెలలోగా చెప్పినవారికి తెలియజేయాలి. జవాబు రాని చోట రెండోసారి ఎవరూ నిజం రాయరు.

2022 అక్టోబరులో వచ్చిన టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి ఎవరైనా తమ బాధ చెప్పుకోవచ్చు. మన ఇళ్లలోనూ అవసరం రావచ్చు, నంబరు రాసిపెట్టుకోండి. కాని మందులు ఇచ్చేవాడు తన ఇబ్బంది చెప్పుకునే దారి కూడా ఉండాలి.

ఆ దారి మనమే ఎందుకు కాకూడదు? మనకిక బదిలీ లేదు, మెమో లేదు. జిల్లాకు ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు మూడు నెలలకోసారి ఆసుపత్రికి వెళ్లి, సిబ్బందితో మాట్లాడి, పేర్లు లేకుండా జిల్లా అధికారికి రాసిస్తే చాలు. అనుమతి కోరుతూ సంఘం ఒక తీర్మానం చేయాలని కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాసుకోండి. నాడు "లేవు" అని రాసిన చేత్తోనే ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.