పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారా? పారేసే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి

ఈ ఎపిసోడ్ టాపిక్ మనలో చాలామందికి ఇవాళ కాకపోయినా ఇంకో నాలుగైదేళ్లలో ఎదురయ్యేదే. ఊళ్లో పెద్ద ఇల్లు, సిటీలో రెండు గదుల ఫ్లాట్. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండలేని పరిస్థితి. ఆ ఇంటి సామాన్లన్నీ ఈ ఫ్లాట్‌లో పట్టవు. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి?

దీనికి ఆన్‌లైన్‌లో బోలెడు టిప్స్ ఉన్నాయి. జపాన్‌కి చెందిన మేరీ కొండో పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వస్తువుని చేతిలోకి తీసుకో, సంతోషం కలిగితే ఉంచు, లేకపోతే థాంక్స్ చెప్పి పంపించెయ్. మంచి పద్ధతే. కానీ కుందుర్పిలో మా అవ్వ ఇంట్లో అది పనిచేయలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో సగం సామాన్లు సంతోషం కోసం దాచినవి కావు, కరువుకి భయపడి దాచినవి.

మా ప్రాంతం గురించి రెండు ముక్కలు చెప్తాను. కుందుర్పి అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం దాటాక, కర్ణాటక బార్డర్‌లో ఉంటుంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడిపోతాయి. అంటే రెండు సీజన్లలోనూ మాకు మిగిలేది తక్కువే.

అందుకే ఇక్కడ ఇల్లంటే గోదాము కూడా. వెనకటికి జొన్నలు పాతరలో, కొర్రలు గాదెలో పోసేవాళ్లు. పొట్టు తీయని కొర్రలు ఏళ్ల తరబడి పాడవవు కాబట్టి వాన రాని ఏడాది అవే అన్నం. ఇత్తడి బిందె నీళ్లకే కాదు, కష్టం వస్తే తాకట్టుకి కూడా. గోనెసంచులు వచ్చే ఏటి శెనక్కాయలకి. తాడు ముక్క, ఇనుప ముక్క, విరిగిన మేడి, ఏదీ పారేయరు. మన కంటికి చెత్తలా కనిపించేది వాళ్లకి ఇన్సూరెన్స్ అన్నమాట.

మా తాత పోయాక ఎద్దుల్ని అమ్మేశాం. పొలం కౌలుకి ఇచ్చాం. కానీ కొట్టంలో గొర్రు, జడ్డిగం, గుంటక, కాడిమాను అలాగే ఉన్నాయి. గొర్రు అంటే తెలియని వాళ్లకి, విత్తనం వేసే పనిముట్టు. పైన జడ్డిగంలో గింజలు పోస్తే గొట్టాల గుండా సాళ్లలో పడతాయి. "అవ్వా, దీన్నేం చేద్దాం?" అని అడిగితే ఒక్కటే మాట అంది: "మళ్లా వాన పడితే యాడ తెచ్చుకుంటావు రా?"

అవ్వకి ఎనభై దాటాయి. మళ్లీ మడక పట్టేది లేదని ఆమెకీ తెలుసు. కానీ గొర్రు గడప దాటిందంటే, ఈ ఇంట్లో ఇంక సేద్యం లేదని ఊరందరికీ చెప్పినట్టే. ఆమె పట్టుకుని కూర్చున్నది కొయ్యని కాదు, తిరిగి రావొచ్చన్న ఆశని.

అప్పటి నుంచి "ఇది కావాలా, వద్దా?" అని అడగడం మానేశాం. "ఇది దేనికి భయపడి దాచావు? ఆ భయం ఇంకా ఉందా?" అని అడిగాం. ఆ ప్రశ్నతో సామాన్లు మూడు కుప్పలయ్యాయి.

మొదటిది, భయం తీరినవి. గోనెసంచులు, డబ్బాలు, పాత విత్తనం. శెనక్కాయ విత్తనంలో నూనె ఎక్కువ కాబట్టి మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. ఏళ్లనాటిది దాచినా లాభం లేదు. ఈ కుప్పని అవ్వే ముందు తోసేసింది.

రెండోది, భయం ఇంకా ఉన్నవి. అంటే కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకం, దస్తావేజులు, అప్పు తీరాక బ్యాంకు ఇచ్చిన నో డ్యూ సర్టిఫికెట్. రిజిస్టర్ అయిన దస్తావేజుకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. రిజిస్టర్ కాని భాగపంపకాల కాగితం ఉందనుకోండి, అది పోతే పోయినట్టే. ఫోన్‌లో స్కాన్ చేయండి, కానీ ఒరిజినల్ పారేయకండి. పాత ట్రంకు పెట్టెని కాగితం కాగితం చూడకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

మూడోది గుర్తులు. ఇక్కడ మన ఫోన్ నిజంగా పనికొస్తుంది. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ హాస్టళ్లలో ఒక ప్రయోగం చేశారు, 2017లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో వచ్చింది. జ్ఞాపకం ఉన్న వస్తువుని ఫొటో తీసుకోమని చెప్పిన చోట, విద్యార్థులు ఎక్కువ వస్తువులు దానం చేశారు. వస్తువు పోతే జ్ఞాపకం కూడా పోతుందన్నదే అసలు భయం. మేము ఫొటో కాదు, వీడియో తీశాం. ఒక్కో వస్తువు అవ్వ చేతిలో పెట్టి, కథ చెప్పించి, ఆ తర్వాతే నిర్ణయం. నిర్ణయం ఆమెదే.

గొర్రు సంగతి కూడా ఆమే తేల్చింది. కౌలు చేసే ఆయనకి ఇంకా ఎద్దులున్నాయి. ఆయనకి ఇచ్చింది, ఒక షరతుతో: "మా చేన్లో దీంతోనే విత్తాల." బెంగళూరుకి మాత్రం చాట, సంగటి తెడ్డు తెచ్చుకుంది.

ఇంక రెండు జాగ్రత్తలు. అటక మీద పాత పురుగుమందు డబ్బాలుంటే పిల్లల్ని దగ్గరికి రానీయకండి. సుప్రీంకోర్టు 2011లో నిషేధించిన ఎండోసల్ఫాన్ లాంటివి కూడా ఉండొచ్చు. వాటిని బావిలోనో కాలవలోనో పోయొద్దు, కాల్చొద్దు, ఖాళీ డబ్బాని ఇంట్లో వాడొద్దు. వ్యవసాయాధికారిని అడిగి ఏం చేయాలో తెలుసుకోండి. రెండోది, ఇత్తడి, రాగి సామాన్లు మొత్తం ఒక్కసారే తూకానికి వేయకండి. ముందు బంధువుల్లో ఎవరికి ఏది కావాలో అడగండి.

లారీ ఇంటి ముందుకి వచ్చాక ఇవన్నీ అడిగే టైమ్ ఉండదు. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు, ఏ తొందరా లేనప్పుడే, ఏదో ఒక పాత వస్తువు చూపించి "ఇది ఎందుకు దాచావు?" అని అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టి, మీరు మాత్రం మధ్యలో మాట్లాడకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.